తల కొలత 57

12 జనవరి 2024, శుక్రవారం

మేనల్లుడు పొద్దున్న రైలుకి దిగాడు. ఎనిమిది నెలలు ఓడ మీద ఉండి, విశాఖపట్నంలో రెండు రోజులు ఆగి, పండక్కి తిన్నగా పొందూరు వచ్చేశాడు. మొహం నల్లబడింది గానీ మనిషి గట్టిగా ఉన్నాడు. కాఫీ తాగుతూనే సంచీలోంచి గుండ్రటి మూట ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టాడు. తువ్వాలు చుట్టి, దానిమీద ప్లాస్టిక్ కవరు కట్టి, ఎంత జాగ్రత్తగా తెచ్చాడో!

"నీకోసమే మావయ్యా. హాంబర్గులో ఆదివారం సంత అవుతాది. ఓ బల్ల నిండా ఇలాటివే. టోపీలు దాస్తావు గదా అని తెచ్చీసినాను."

విప్పాను. జర్మన్ సైన్యం టోపీ. హిట్లర్ కాలం నాటిది. పుస్తకాల్లో, సినిమాల్లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు గానీ, చేత్తో పట్టుకోవడం ఇదే మొదలు. బూడిద, ఆకుపచ్చ కలిసిన ఉన్ని గుడ్డ. నుదుటి చుట్టూ ముదురాకుపచ్చ పట్టీ. పట్టీకి పైనా కిందా, నడినెత్తి అంచు చుట్టూ మొత్తం మూడు వరసల తెల్ల పైపింగ్. ముందు నల్లగా మెరిసే రెక్క. దానిమీద సన్నటి నల్ల తోలు పట్టీ, రెండు కొసల్లో చిన్న బొత్తాలు. పట్టీ మధ్య ఓక్ ఆకుల దండ, అందులో నలుపు తెలుపు ఎరుపు బిళ్ళ.

దానికి పైన ఉండాల్సిన గద్ద లేదు. రెండు చిన్న కన్నాలున్నాయి. ఆ కన్నాల చుట్టూ, రెక్కలు చాచిన పక్షి ఆకారంలో గుడ్డ రంగు వెలవకుండా మిగిలిపోయింది. గద్దని ఊడదీశారు, దాని నీడ మాత్రం గుడ్డలో ఉండిపోయింది.

ఇంట్లో అందరూ చూశారు. మా ఆవిడ ముట్టుకోలేదు. "దేవుడి గదిలోకి మాత్రం తేకండి" అంది. తేనని చెప్పాను.

13 జనవరి, శనివారం

రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. అసలుదేనా అన్న అనుమానం. పొద్దున్నే బావమరిది కొట్లోంచి దొంగనోట్లు చూసే లైటు తెచ్చుకున్నాను. కిటికీలు మూసి, మిషను బల్ల మీద టోపీని బోర్లించి, ఆ ఊదా వెలుతురులో కుట్టు కుట్టూ చూశాను. ఇప్పటి దారాల్లో, బట్టల సబ్బుల్లో తెల్లదనం కోసం కలిపే మందు ఆ వెలుతురు తగిలితే నీలంగా మండినట్టు మెరుస్తుంది. యుద్ధం నాటి దారంలో ఆ మందు లేదు. ఈ టోపీలో ఒక్క కుట్టూ మెరవలేదు. లైనింగ్ అంచున వేలాడుతున్న చిన్న పోగు తుంచి అగ్గిపుల్లకి చూపించాను. కాయితం కాలిన వాసన, వేలితో నలిపితే పొడయ్యే బూడిద. నూలు దారమే. పాలిస్టరైతే ముడుచుకుని గట్టి పూసవుతుంది. నలభై ఏళ్ళ నుంచి గుడ్డ కొనేముందు చేస్తున్న పరీక్ష ఇది.

లోపల పనితనం చూస్తే దర్జీగా దణ్ణం పెట్టాలనిపించింది. నుదుటికి ఆనుకునే చోట మెత్తటి తోలు పట్టీ, చెమట పీల్చడానికి సన్నటి బెజ్జాలు. పైన లైనింగ్ మధ్యలో, తల నూనె అంటకుండా డైమండు ఆకారంలో సెల్యులాయిడ్ ముక్క. అది ముదిరి పసుపు పచ్చగా, నెయ్యి రంగులో ఉంది. దాని కింద తయారుచేసినవాళ్ళ అచ్చు అరిగిపోయింది. తోలు పట్టీ లోపలి వైపు మాత్రం కొలత ఇంకా చదవగలిగేట్టుగా ఉంది: 57.

పైపింగ్ రంగు చూసి ఆ సిపాయి ఏ దళం వాడో చెప్పొచ్చు. తెలుపైతే పదాతి దళం. ఎరుపు ఫిరంగులకి, గులాబీ రంగు ట్యాంకులకి, నలుపు వంతెనలూ కందకాలూ కట్టేవాళ్ళకి. గడ్డం పట్టీ తోలుది కాబట్టి ఇతను ఆఫీసరు కాడు. ఆఫీసరుకైతే ఆ చోట మెలితిప్పిన వెండి రంగు తాడు ఉంటుంది. నడిచి యుద్ధానికి పోయే మామూలు మనిషి టోపీ ఇది. తోలు పట్టీ మీద నుదుటి దగ్గర చేతి వెడల్పున నల్లటి చెమట మరక. ఎనభై ఏళ్ళైనా పోలేదు.

14 జనవరి, ఆదివారం, భోగి

తెల్లారగట్ల నాలుగింటికే వీధి మొగలో మంట వేశారు. విరిగిన తలుపులు, పాత చాటలు, తాటి మట్టలు. పక్కింటి గుంటడు మంట చుట్టూ గెంతుతూ వచ్చి, "తాతా, ఆ సెడ్డ టోపీ తెచ్చి ఏసెద్దుమా?" అని అడిగాడు. నిన్న మా ఇంట్లో మాటలు విన్నాడు కాబోలు. అందరూ నావైపే చూశారు.

వాడు అడిగినదాంట్లో తప్పేమీ లేదు. భోగి అంటేనే పనికిరానిది కాల్చేసే రోజు. గుడ్డలో మిగిలిన ఆ గద్ద ఏ రాజ్యానికి కాపలా కాసిందో నాకు తెలుసు. 60 లక్షల మంది యూదుల్ని చంపిన రాజ్యం. ఆడా మగా, పసిపిల్లలు, ముసలివాళ్ళు అని చూడలేదు. గద్ద కాళ్ళ కింద ఉండే గుర్తు మన స్వస్తికం లాంటిదే, పక్కకి వాల్చి నిలబెట్టారంతే. మన గుమ్మాల మీద పసుపుతో రాసేది, కొత్త పద్దుల పుస్తకం మొదట్లో వేసేది. మనకి శుభం. అది చూస్తే వణికిపోయే ముసలివాళ్ళు ఈ భూమ్మీద ఇంకా బతికే ఉన్నారు. జర్మనీలో ఆ గుర్తు నలుగురికీ కనబడేలా పెట్టడం నేరం.

గుంటడిని పక్కన కూచోబెట్టుకుని ఇదే చెప్పాను, వాడికి అర్థమయ్యేంత మేర. "మరెందుకు దాసినావు?" అన్నాడు.

కాల్చేస్తే నువ్వు అడగవు, నేను చెప్పను, అందుకే దాచానన్నాను. వాడు కాసేపు మంటలోకి చూసి, పిడకల దండ తెచ్చి మంటలో వేశాడు. టోపీ అడగలేదు మరి.

17 జనవరి, బుధవారం

పండగ అయిపోయింది. ఇల్లు సద్దుతూ టోపీల అలమర మొత్తం దించాను. ఏడాదికొకసారి ఎండ చూపించాలి, లేకపోతే ఉన్నివాటికి పురుగు పడుతుంది. వేపాకు మార్చాను. లెక్క చూస్తే ముప్ఫై ఒకటి ఉన్నాయి.

అన్నిటికన్నా పాతది, నాట్లప్పుడు వానలో తలకి పెట్టుకునే తాటాకు గిడుగు. అమ్మది. తర్వాత పోస్టుమేన్ టోపీ, స్టేషన్ మాస్టర్ టోపీ, ఎన్‌సీసీ పిల్లల టోపీ, మా ఊరినుంచి సైన్యానికి వెళ్ళి రిటైరై వచ్చినాయన ఇచ్చిన పీక్ క్యాప్. ఆయన ఇస్తూ, "దీన్ని తలకిందులుగా పెట్టకు, అది మర్యాద కాదు" అన్నాడు. ఇప్పటికీ పెట్టను.

నాన్న ఖద్దరు టోపీ ఒక్కటే గాజు పెట్టెలో ఉంటుంది. 1955లో వినోబా భావే పాదయాత్రగా మన జిల్లాకి వచ్చి, ఇక్కడి ఖాదీ సంఘం భవనానికి శంకుస్థాపన చేసిన రోజు నాన్న దాన్నే పెట్టుకుని వెళ్ళాడట. అప్పటికి సంఘం పుట్టి ఆరేళ్ళు. నాన్న మగ్గం మనిషి. ఆ టోపీ ఎవరు కుట్టారో తెలీదు గానీ, చిన్నప్పుడు దాని కుట్లు విప్పి మళ్ళీ కుట్టే నేను టోపీ కుట్టడం నేర్చుకున్నాను. దెబ్బలు కూడా తిన్నాను. నా సేకరణకి మొదలు అదే.

ఒక అట్టపెట్టెని మాత్రం తెరవకుండా పక్కన పెట్టాను. నాలుగేళ్ళ కింద, మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ టోపీ అని చెప్పి ఒక పెద్ద ఊరి దుకాణం వాళ్ళు పోస్టులో పంపారు. తొమ్మిది వేలు. ఆ కాలం జర్మన్ టోపీకి ముందువైపు రెండు బిళ్ళలుంటాయి: పైది దేశానిది, కిందది ఆ సిపాయి పుట్టిన రాజ్యానిది. ప్రష్యా వాడికైతే నలుపు, తెలుపు. ఆ టోపీకి రెండూ ఉన్నాయి, అందుకే నమ్మాను. లైనింగ్ విప్పితే పాలిస్టర్ దారం. మన భాషలో మోసం చేయడాన్ని టోపీ వేయడం అంటారు. ఆ మాట నాకు మూడు నెలలు ముల్లులా గుచ్చుకుంది. డబ్బు పోయినందుకు కాదు. పోయినవాళ్ళ గురించి అబద్ధం చెప్పడానికి ఒక దర్జీ చేతిని వాడుకున్నారు. ఆ దర్జీకి ఆ సంగతి తెలిసి ఉండదు.

చివరికి ఆ పెట్టె కూడా తెరిచాను. దాన్నీ ఉంచుతాను. దొంగది ఎలా ఉంటుందో తెలియాలంటే చేతికింద ఒకటుండాలి.

23 జనవరి, మంగళవారం

నేతాజీ బోసు జయంతి. బడి నుంచి పిల్లలు జెండాలు పట్టుకుని వెళ్ళారు. పేపర్లో ఆయన ఫొటో, ఎప్పటిలాగే సైన్యం దుస్తులు, వాలు టోపీ. ఆయన టోపీ ఒకటి 2019లో ఇదే రోజున ఢిల్లీ ఎర్రకోట మ్యూజియంలో పెట్టారు. ఎర్రకోటలోనే ఆజాద్ హింద్ ఫౌజు ఆఫీసర్ల మీద తెల్లవాళ్ళు విచారణ నడిపారు. అందుకని ఆ టోపీ ఉండాల్సిన చోటే ఉందనిపించింది నాకు.

మేనల్లుడు అడిగాడు: "జర్మనీ టోపీ పెట్టుకున్న మనోళ్ళు ఎవరైనా ఉన్నారా మావయ్యా?"

ఉన్నారు. ఉత్తరాఫ్రికాలో ఇంగ్లీషువాళ్ళ తరఫున పోరాడుతూ జర్మన్లకి పట్టుబడిన భారతీయ సిపాయిల్లోంచి, బోసు బెర్లిన్‌లో ఉన్నప్పుడు ఒక దళం తయారైంది. జర్మన్ సైన్యం దుస్తులే తొడిగారు. కుడి చేతి మీద మూడు రంగుల బిళ్ళ, దానిమీద దూకుతున్న పులి. సిక్కులు తలపాగా వదల్లేదు. వాళ్ళ చేత చేయించిన ప్రమాణంలో రెండు పేర్లు ఉన్నాయి, హిట్లరుదీ, బోసుదీ. పరాయి చెరలో, ఆకలితో, ఇల్లు ఎప్పుడు చూస్తామో తెలీని మనుషులు ఆ రెండు పేర్లూ ఒక్క నోటితో పలికారు. నేను వాళ్ళని తప్పు పట్టలేను. ఆ రెండు పేర్లు పక్కపక్కన ఉండటాన్ని మాత్రం మనసు ఒప్పుకోదు.

ఆ రోజుల్లో బోసు పక్కన ఉన్నవాడు మన హైదరాబాదువాడు, ఆబిద్ హసన్. 1911లో పుట్టాడు. ఇంజనీరింగు చదవడానికి జర్మనీ వెళ్ళి, చదువు పక్కన పెట్టి బోసుకి కార్యదర్శి అయ్యాడు. ఒక మతం వాళ్ళ పలకరింపు ఇంకో మతం వాళ్ళకి నప్పక, సిపాయిలందరికీ కలిపి ఒకే మాట కావాల్సి వచ్చినప్పుడు "జై హింద్" అన్న మాట తెచ్చింది ఈయనే. మనం రోజూ పలికే మాట. కాషాయం గుర్తుగా పేరు చివర సఫ్రానీ అని చేర్చుకున్న ముస్లిం ఆయన. స్వతంత్రం వచ్చాక విదేశాంగ శాఖలో చేరి రాయబారిగా పనిచేశాడు. 1984లో పోయాడు.

1943 ఫిబ్రవరిలో బోసు, ఆబిద్ హసన్ ఇద్దరే కీల్ రేవులో యూ-180 అనే జర్మన్ జలాంతర్గామి ఎక్కారు. దాని కెప్టెన్ వెర్నర్ ముసెన్‌బర్గ్. జర్మన్ జలాంతర్గామి కెప్టెన్‌ని తేలిగ్గా గుర్తుపట్టొచ్చు, ఓడ మొత్తంలో తెల్ల గుడ్డ తొడిగిన పీక్ క్యాప్ ఆయనొక్కడికే ఉంటుంది. ఆఫ్రికా చుట్టూ తిరిగి, ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ దగ్గర సముద్రం పోటు మీదుండగా రబ్బరు తెప్ప మీద ఇద్దరూ జపాన్ వాళ్ళ ఐ-29 జలాంతర్గామికి మారారు. తెప్ప మీద తడిసి ముద్దయిపోయారు.

ఇదంతా చెబుతుంటే మేనల్లుడు నోరెళ్ళబెట్టి విన్నాడు. పోటు మీదున్న సముద్రంలో ఒక ఓడ నుంచి ఇంకో ఓడకి మారడం అంటే ఏమిటో వాడికి తెలుసు. "మూడు నెలలు నీళ్ళకింద... డీజిలు కంపులో..." అని గొణిగాడు. సముద్రం మీద పనిచేసేవాడికే ఆ కష్టం అందుతుంది.

చిన్నప్పుడు మా మామ్మ చెప్పిన యుద్ధం వేరు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేస్తే, మూటాముల్లె నెత్తిన పెట్టుకుని జనం ఊళ్ళమీద పడ్డారు. అదే ఏడాది రంగం నుంచి, అంటే రంగూన్ నుంచి, కొండలూ అడవులూ పడి నడిచొచ్చిన మన జిల్లావాళ్ళు ఎందరో. దారిలో పోయినవాళ్ళు ఎందరో. మామ్మకి హిట్లర్ పేరు తెలీదు, బియ్యం ధర తెలుసు.

27 జనవరి, శనివారం

ఇవాళ నాకు తెలిసిన సంగతి రాయకుండా పడుకోలేను.

టోపీ రెక్క మీద ఒకచోట నల్ల మెరుగు పెళ్ళలా లేచింది. అది ఏ రకం తోలో అని వారం నుంచి తల పగలగొట్టుకుంటున్నాను. మేనల్లుడు ఓడలో ఎలక్ట్రీషియను. టోపీ తీసుకుని, ఆ లేచిన చోట గోరుతో గీరి చూసి, "తోలేటి మావయ్యా? ఇది ఫైబరు. మా మోటార్లలో కరెంటు అంటకుండా ఏసే వాషర్లు ఇదే సరుకు" అన్నాడు. వల్కనైజ్డ్ ఫైబర్ అంటారట. దేనితో చేస్తారో కూడా వాడే చెప్పాడు.

పాత నూలు గుడ్డలతో!

చిరిగిన నూలు బట్టల్ని నానబెట్టి కాయితం చేస్తారు. ఆ కాయితాల్ని జింక్ క్లోరైడ్ ద్రావకంలో ముంచితే పైపొర జిగురై, ఒకదానిమీద ఒకటి వేసి ఒత్తితే పొరలన్నీ కరుచుకుపోతాయి. ఆ మందు మొత్తం పోయేదాకా వారాల తరబడి నీళ్ళలో కడిగి, ఆరబెట్టి, ఒత్తితే, కొమ్ములా గట్టిపడుతుంది. ఇంగ్లండులో 1859లో దీనికి పేటెంటు పుచ్చుకున్నారు. సూట్‌కేసులు, టోపీ రెక్కలు, వాషర్లు, అన్నీ దానితోనే.

నేను పుట్టి పెరిగింది పత్తి ఊళ్ళో. నా ఒళ్ళో ఉన్న ఈ కరకు రెక్క కూడా పత్తే అని పదిహేను రోజులు గుర్తుపట్టలేకపోయాను.

సాయంత్రం మనసు నిలవక నూలు వడికే అప్ప ఇంటికి వెళ్ళాను. వరసకి అప్ప. ఎనభై దగ్గర పడుతున్నా ఏకు వదల్లేదు. గుమ్మంలో కూచుని వాలుగ చేప దవడతో కొండపత్తి దువ్వుతోంది. ఆ దవడ ఆమె అరచేతిలో ఇమిడిపోతుంది. సన్నటి పళ్ళు దగ్గర దగ్గరగా, లోపలికి వాలి ఉంటాయి. గింజ ఇంకా ఊడని పత్తిని ఎడమచేతి వేళ్ళతో పట్టుకుని, దవడతో కిందికి గీస్తుంది. ఒక్కో గీతకీ పోగులు పక్కపక్కన పడుకుంటాయి, నలక అంతా పళ్ళ సందుల్లో ఉండిపోతుంది. ఇనప దువ్వెనైతే పోగు తెగుతుందట, ఈ ఎముక తెంచదు. తర్వాత గింజ తీసి, దూది ఏకి, ఏకు చుట్టి, అది నలగకుండా అరటి డొప్పలో దాచి, 24 ఆకుల రాట్నం మీద వడుకుతుంది. నూరో నెంబరు నూలు. ఒక్క గ్రాము దూదిలోంచి 169 మీటర్ల దారం. ఈ పని చూసి రమ్మనే గాంధీగారు కొడుకు దేవదాసుని పొందూరు పంపారు.

ఆమె చేతిలో టోపీ పెట్టి, రెక్క కూడా పత్తేనని చెప్పాను. వేలితో తట్టింది. టక్ టక్ మంది.

"పత్తిని ఇంత రాయి సేసినారా!" అంది. కాసేపాగి, "దేనికీ?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేకపోయింది. ఇంటికొచ్చాక తట్టింది. కళ్ళకి నీడ కోసం అయితే అంత గట్టిదనం అక్కర్లేదు, మన గిడుగు చాలు. నుదుటి మీద తళతళలాడుతూ, ఎదుటివాడికి కళ్ళు కనబడకుండా, మనిషిని ఎత్తుగా చూపించడానికే అంత గట్టిగా చేశారు.

30 జనవరి, మంగళవారం

పదకొండింటికి రెండు నిమిషాలు మౌనం. సంఘం దగ్గర నలుగురం కూడాం. బాపూజీ పోయి 76 ఏళ్ళు.

నాన్న టోపీ పెట్టుకుని వెళ్ళాను. ఏడాదిలో ఈ ఒక్కరోజే పెట్టుకుంటాను. ఇంటికొచ్చి తీసి చూస్తే నుదుటి దగ్గర తెల్ల గుడ్డ మీద నా చెమట చారలా కనిపించింది. గాంధీగారి అనుచరుడు కాకా కాలేల్కర్ రాసిపెట్టిన సంగతి గుర్తొచ్చింది. గాంధీగారు ఏ టోపీ మంచిదని దేశంలో టోపీలన్నీ చూసి, కాశ్మీరు టోపీ తీరు నచ్చి, ఉన్ని బదులు నూలుతో కుట్టించారట. మడిస్తే జేబులో పడుతుంది. రంగు విషయానికొచ్చేసరికి తెలుపే ఉండాలన్నారు. రంగు టోపీలో చెమట కనబడదు, అందుకని ఎవరూ ఉతకరు. తెల్లదాంట్లో మురికి వెంటనే కనబడుతుంది, ఉతక్క తప్పదు.

రెండు టోపీలూ బల్ల మీద పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు కూచున్నాను. రెండూ చెమట పట్టినవే. రెండింట్లోనూ పత్తి ఉంది. ఒకదాని చెమట లోపలి తోలు పట్టీలో ఎనభై ఏళ్ళుగా దాక్కుంది. ఆ టోపీని ఉతకడం కుదరదు. నీళ్ళలో వేస్తే లోపలి అట్ట చెడుతుంది, నిలబడ్డ ఆకారం కూలిపోతుంది. బయట మాసినట్టు కనబడకూడదు, అదే దాని నియమం. ఇంకోదాన్ని రేపు పొద్దున్న మా ఆవిడ బకెట్టులో ముంచి, ఉతికి, గంజి పెట్టి ఆరేస్తుంది. మళ్ళీ కొత్తది.

రాజ్యాలకీ ఇదే వర్తిస్తుందని నా నమ్మకం. తన మురికి తనకి కనబడేలా కట్టుకున్నవాళ్ళు ఉతుక్కోగలరు. కనబడకుండా కుట్టుకున్నవాళ్ళకి ఉతికే దారే ఉండదు, టోపీతో పాటు తలా పోవాల్సిందే. ఈ తెల్ల గుడ్డంటే ప్రభుత్వాలు ఊరికే భయపడలేదు. 1930లో గుంటూరులో గాంధీ టోపీ పెట్టుకోవడాన్నే నిషేధించారు. జేబులో మడిచి పెట్టుకునే జానెడు గుడ్డకి నిషేధం!

తెల్ల టోపీ పెట్టుకున్నవాళ్ళు అందరూ ఉతుక్కున్నారని నేను అనను. మాసిన తలకి గంజి టోపీ పెట్టినవాళ్ళని నా కళ్ళతో చూశాను, వాళ్ళలో కొందరికి నేనే కుట్టాను. అయినా మరక కనబడినప్పుడు అడిగే హక్కు చూసినవాడికి ఉంది. ఆ హక్కు ఆ తెలుపులోనే ఉంది.

3 ఫిబ్రవరి, శనివారం

మేనల్లుడికి మళ్ళీ ఓడ పిలుపు వచ్చింది. మంగళవారం బయల్దేరాలి.

మధ్యాహ్నం భోజనం అయ్యాక వాడు ఊరికే జర్మన్ టోపీ తీసి తలమీద పెట్టుకోబోయాడు. నా నోట్లోంచి "వద్దురా" అని కేక వచ్చింది. వాడు బెదిరిపోయాడు. నేనూ సర్దుకుని, "కోపం కాదు నాయినా. అది చూడ్డానికి, పెట్టుకోడానికి కాదు" అన్నాను. తెచ్చింది వాడే, నాకోసం ఎంతో ఖర్చుపెట్టి. మనసు చివుక్కుమంది.

"కూచో, నీకు టోపీ కుడతాను" అన్నాను. టేపు తీసి నుదుటి మీంచి చెవుల పైగా చుట్టూ తిప్పాను.

57.

టేపు రెండోసారి తిప్పాను. అంతే. ఆ తోలు పట్టీలో అచ్చేసిన అంకె. ఆ సిపాయి కూడా ఈ వయసువాడే అయి ఉంటాడు. వాడికీ ఒక మేనమామ ఉండే ఉంటాడు. పొలం పనో, మిల్లు పనో చేసుకునే ఇంట్లోంచి పిలిస్తే వెళ్ళి ఉంటాడు. ఆ తోలు పట్టీ కింద ఉన్న తల, నా చేతుల మధ్య ఉన్న ఈ తల, రెండూ ఒకే కొలత. టేపు తీస్తుంటే వేళ్ళు వణికాయి. వాడు గమనించాడు గానీ ఏమీ అనలేదు.

4 ఫిబ్రవరి, ఆదివారం

రోజంతా మిషను మీదే. నూరో నెంబరు గుడ్డ టోపీకి నిలబడదు, మరీ పల్చన. మూడు పొరలు వేసి, మధ్య పొరకి ముతక ఖద్దరు పెట్టాను. ఆ మధ్య పొర నాన్న పాత పంచెలోది. రెండు పక్క ముక్కలు కత్తిరించి, పైన మడత వచ్చేలా నడుమ ముక్క కుట్టి, చుట్టూ పట్టీ వేశాను. కొలత 57కి కుట్టు కోసం రెండు సెంటీమీటర్లు కలిపాను. కుట్లు లోపలికి తిప్పాను గానీ తోలు పట్టీ, లైనింగు వేయలేదు. చెమట తిన్నగా గుడ్డకే తగలాలి.

వాడు పెట్టుకుని అద్దంలో చూసుకుని, తీసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. జేబు ఉబ్బలేదు కూడా. "ఓడలో పెట్టుకుంటే నవ్వుతారేమో మావయ్యా" అన్నాడు. నవ్వితే ఎక్కడిదో చెప్పు, పత్తి దువ్వే అప్ప గురించి చెప్పు అన్నాను. తలూపాడు.

6 ఫిబ్రవరి, మంగళవారం

స్టేషన్లో దించి వచ్చాను. రైలు కదిలేటప్పుడు తలుపు దగ్గర నిలబడి, జేబులోంచి టోపీ తీసి పెట్టుకున్నాడు. కనుమరుగయ్యేదాకా తెల్ల చుక్క కనిపించింది.

ఇంటికొచ్చి అలమరలో జర్మన్ టోపీకి చోటు చేశాను. నాన్న టోపీ ఉన్న అరలోనే, దాని పక్కనే. మా ఆవిడ అడ్డు చెప్పలేదు. రెండూ కలిపి చూస్తేనే పిల్లలకి అర్థమవుతుంది. దాన్ని శుభ్రం చేయను, మెరుగు పెట్టను, గద్ద నీడని చెరపను. లేచిన పెళ్ళ కూడా అలాగే ఉంచుతాను, లోపల ఉన్నది పత్తి అని అక్కడే కనబడుతుంది.

కింద పెట్టడానికి అట్టముక్క మీద తెలుగులో ఇలా రాశాను:

"జర్మన్ సైన్యం, పదాతి దళం సిపాయి టోపీ. హిట్లర్ కాలం. ఈ రాజ్యం లక్షల మందిని చంపింది. ముందు రెక్క పాత నూలు గుడ్డలతో చేసింది. లోపలి చెమట ఒక మనిషిది. తల కొలత 57. తలమీద పెట్టుకోరాదు. అడిగితే చెబుతాను."

సాయంత్రం పక్కింటి గుంటడు వచ్చి, అట్టముక్కని వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాడు. చదివి, బల్ల మీదున్న టేపు తీసుకుని నాకిచ్చి, తన తల ముందుకి వంచాడు.